క్లబ్ దివాలా తీస్తే ఎన్ని పాయింట్లు పోతాయి? వైజాగ్ ఫుట్‌బాల్ అభిమానులు సొంతంగా లెక్క కట్టుకునే పద్ధతి

ఇంగ్లండ్‌లో ఏ క్లబ్ దివాలా వార్త వచ్చినా మన వైజాగ్ వాట్సాప్ గ్రూపుల్లో అర్ధరాత్రి దాటాక ఒకటే గోల. "ఏటి గురూ, పడుకునే ముందు చూసిన పాయింట్లు లేవేటి ఇప్పుడు?" విగన్ అప్పుడు ఇదే, డెర్బీ అప్పుడు ఇదే. 2025 అక్టోబరు 24న షెఫీల్డ్ వెన్స్‌డే అడ్మినిస్ట్రేషన్‌లోకి (అప్పుల్లో మునిగిన క్లబ్ పగ్గాలు అడ్మినిస్ట్రేటర్ చేతికి పోవడం) వెళ్లినప్పుడూ ఇదే. ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా అందరి ప్రశ్న ఒకటే కాబట్టి జవాబు ఒకేచోట రాసి పెడుతున్నాను. తర్వాతి క్లబ్ మునిగినప్పుడు ఎవరినీ అడగక్కర్లేకుండా మీరే లెక్క తేల్చుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. పాయింట్ల కోతకూ అప్పు ఎంత అన్నదానికీ సంబంధం లేదు. 2005లో గ్లేజర్ కుటుంబం కొన్నప్పటి నుంచి మాంచెస్టర్ యునైటెడ్ మీద కోట్ల పౌండ్ల అప్పు ఉంది. ఆ అప్పు కారణంగా ఒక్క పాయింటూ పోలేదు. లీగ్ చూసేది రెండే: ఏ కాగితం పడింది, ఏ తేదీన పడింది.

కావలసినవి

- క్లబ్‌ని నడిపే కంపెనీ అసలు పేరు. జెర్సీ మీద ఉండే పేరుతో వెతికితే వేరే కంపెనీ దొరకొచ్చు. 2021 నాటి డెర్బీ కావాలంటే "ది డెర్బీ కౌంటీ ఫుట్‌బాల్ క్లబ్ లిమిటెడ్" అని కొట్టాలి. క్లబ్ వెబ్‌సైట్‌లో అట్టడుగున చిన్న అక్షరాల్లో ఈ పేరు ఉంటుంది.
- బ్రిటన్ కంపెనీల రిజిస్ట్రీ అయిన కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్. వెతకడం ఉచితం, లాగిన్ అక్కర్లేదు.
- బ్రిటన్ అధికారిక ప్రకటనల పత్రిక అయిన ది గెజెట్ వెబ్‌సైట్. వైండింగ్ అప్ పిటిషన్లు, అడ్మినిస్ట్రేటర్ల నియామకాల నోటీసులు ఇందులోనే వస్తాయి.
- ఈఎఫ్ఎల్ (ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్) వెబ్‌సైట్‌లో ఎంబార్గోల, అంటే కొత్త ఆటగాళ్లను తీసుకోవడం మీద ఆంక్షల, పేజీ. ఏ క్లబ్ మీద ఆంక్ష ఉందో, ఏ నిబంధన కింద ఉందో అక్కడ పెడతారు.
- క్యాలెండర్, ఆ రోజు నాటి పట్టిక.

1. ముందు ఏ లీగో చూడండి

శిక్ష లీగ్‌ని బట్టి మారుతుంది. ప్రీమియర్ లీగ్‌లో 9 పాయింట్లు. దాని కింద ఈఎఫ్ఎల్ నడిపే మూడు డివిజన్లలో, అంటే చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూలలో 12. ఈఎఫ్ఎల్‌లో 2015కి ముందు ఇది 10 ఉండేది. పాత సీజన్ల లెక్క చూసేటప్పుడు 10 వేసుకోండి.

ఈ నియమం ఎందుకు వచ్చిందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా ఎక్కుతుంది. 2002 అక్టోబరులో లెస్టర్ సిటీ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. అప్పులు చాలావరకు వదిలించుకుంది, ఆటగాళ్లను ఉంచుకుంది, అదే సీజన్ చివర్లో ప్రీమియర్ లీగ్‌కి ఎక్కేసింది. నిజాయితీగా బాకీలు కట్టిన క్లబ్బులకు ఒళ్లు మండింది. 2004 నుంచి పాయింట్ల కోత వచ్చింది.

ప్రీమియర్ లీగ్‌లో ఉండగా దీనికి చిక్కిన మొదటి క్లబ్ పోర్ట్స్‌మత్, 2010 ఫిబ్రవరిలో. 9 పోయి సీజన్‌ని 19 పాయింట్లతో ముగించింది. ఆ 9 ఉన్నా అట్టడుగే.

ఇంగ్లండ్ దాటితే ఈ అంకెలు పనిచేయవు. ఇటలీలో కంపెనీ దివాలా తీస్తే క్లబ్‌ని కింది డివిజన్‌లో మళ్లీ మొదలుపెట్టిస్తారు. 2004లో నపోలీ మూడో అంచెకి, 2015లో పార్మా నాలుగో అంచె సీరీ డికి పోయాయి. ఫ్రాన్స్‌లో లెక్కలు తనిఖీ చేసే డీఎన్‌సీజీ అనే సంస్థ సీజన్ మొదలవక ముందే కిందికి దించేయగలదు. 2024లో బోర్డో అలా దిగి, చివరికి నాలుగో అంచెలో ఆడింది. 2025 జూన్‌లో లియోన్‌ని దించారు గానీ అప్పీల్‌లో బయటపడింది. స్కాట్లండ్‌లో 2012 ఫిబ్రవరి 14న రేంజర్స్ అడ్మినిస్ట్రేషన్‌కి వెళితే 10 పాయింట్లు కోశారు. తర్వాత పాత కంపెనీ లిక్విడేషన్‌కి పోవడంతో కొత్త కంపెనీ కింద క్లబ్ నాలుగో అంచె నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇక్కడి నుంచి కింద చెప్పేదంతా ఈఎఫ్ఎల్ సంగతే. గ్రూపుల్లో వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ దాని గురించే.

2. ఏ కాగితం పడిందో తేల్చుకోండి

అందరూ జారిపడే మెట్టు ఇదే, కాస్త ఆగి చదవండి.

*వైండింగ్ అప్ పిటిషన్.* బాకీ రాని వాళ్లెవరైనా, ఎక్కువగా బ్రిటన్ పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ, "ఈ కంపెనీని మూసేయండి" అని కోర్టుకి వెళ్లడం. వార్తల్లో దీనికే ఎక్కువ హడావిడి. కానీ పిటిషన్ పడినంత మాత్రాన పాయింట్లు పోవు. క్లబ్ డబ్బు కడితే కోర్టు కొట్టేస్తుంది.

*అడ్మినిస్ట్రేటర్లను నియమిస్తామన్న నోటీసు.* దీనితో అప్పులవాళ్ల నుంచి క్లబ్‌కి కొద్ది రోజులు ఊపిరి దొరుకుతుంది. ఇది ఉద్దేశం మాత్రమే, నియామకం కాదు. డెర్బీ తన ఉద్దేశాన్ని 2021 సెప్టెంబరు 17న ప్రకటించింది. అడ్మినిస్ట్రేటర్లు వచ్చిందీ, 12 పాయింట్లు పోయిందీ సెప్టెంబరు 22న. ఆ మధ్య రోజుల్లో పట్టిక తప్పుగా ఉందని వాదించిన వాళ్లున్నారు. పట్టిక సరిగ్గానే ఉంది.

*అడ్మినిస్ట్రేషన్.* బోర్డు చేతిలోంచి పగ్గాలు అడ్మినిస్ట్రేటర్ చేతికి పోతాయి. మన దగ్గర 2016 దివాలా చట్టం కింద ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల ట్రిబ్యునల్) వెళ్లిన కంపెనీని రిజల్యూషన్ ప్రొఫెషనల్ నడిపిస్తాడు కదా, దాదాపు అలాంటి పాత్రే. ఇది పడితే 12 ఖాయం.

*సీవీఏ.* అప్పులవాళ్లతో "ఇంత ఇస్తాం, మిగతాది వదిలేయండి" అని కుదుర్చుకునే ఒప్పందం. అడ్మినిస్ట్రేషన్ లేకపోయినా ఇదొక్కటే 12 పాయింట్లు తెస్తుంది. 2019 జులైలో బరీ విషయంలో అదే జరిగింది.

*లిక్విడేషన్.* కంపెనీ మూత. ఇక్కడ పాయింట్ల మాట అనవసరం, లీగ్‌లో ఉండటమే ప్రశ్న.

హెచ్చరిక: క్లబ్ కంపెనీ శుభ్రంగా ఉంది కదా అని ఆగిపోకండి, దాని యజమాని కంపెనీని కూడా వెతకండి. 2009 ఏప్రిల్‌లో సౌతాంప్టన్ వాళ్లు ఇదే వాదించారు. అడ్మినిస్ట్రేషన్‌కి వెళ్లింది పైనున్న హోల్డింగ్ కంపెనీయే, క్లబ్ కాదు అన్నారు. రెండూ విడదీయలేనంతగా కలిసే ఉన్నాయని లీగ్ తేల్చి 10 కోసింది.

3. తేదీ చూడండి: మార్చి నాలుగో గురువారం

క్లబ్ ఎలాగూ కింది డివిజన్‌కి దిగిపోతుందని తేలాక అడ్మినిస్ట్రేషన్‌కి వెళితే కోత వల్ల నష్టమేంటి? ఏమీ లేదు. 2007 మేలో లీడ్స్ అచ్చంగా ఆ పనే చేసింది. సీజన్ చివరికొచ్చింది, దిగిపోవడం దాదాపు ఖాయమైంది, అప్పుడు వెళ్లి 10 పాయింట్లు పోగొట్టుకుంది. కత్తి నొప్పి తగలని చోట పడింది. ఆ సందుని మూసేశారు. ఇప్పుడు లెక్క ఇది:

మార్చి నాలుగో గురువారం లోపు పడితే కోత వెంటనే, ఈ సీజన్‌లోనే.

ఆ తర్వాత పడితే సీజన్ అయ్యేదాకా ఆగుతారు. కోత లేకుండానే కిందికి దిగే స్థానంలో ఉంటే 12 వచ్చే సీజన్‌కి మోసుకెళ్లాలి. కోత లేకుండా గట్టెక్కే స్థానంలో ఉంటే అప్పుడు ఈ సీజన్ లెక్కలోనే కోస్తారు. ఎటు తిరిగినా నొప్పి తగిలే చోటే పడేలా రాశారు. నా లెక్కలో ఈ నియమావళి మొత్తంలో తెలివైన వాక్యం ఇదే.

సౌతాంప్టన్ తేదీ ఆ గురువారం దాటింది, జట్టు ఎలాగూ దిగిపోయింది. కాబట్టి 2009-10ని లీగ్ వన్‌లో మైనస్ 10తో మొదలుపెట్టి 7వ స్థానంలో ఆగింది. ప్లేఆఫ్ తప్పిపోయింది. విగన్ 2020 జులై 1న వెళ్లింది. గురువారం ఎప్పుడో దాటింది, కానీ ఆ జట్టు గట్టెక్కే స్థానంలో ఉంది. అందుకని అదే సీజన్‌లో కోశారు.

మన గడియారంతో ఒక చిక్కుంది. బ్రిటన్‌కీ మనకీ చలికాలంలో అయిదున్నర గంటలు, ఎండాకాలంలో నాలుగున్నర గంటలు తేడా. అక్కడ సాయంత్రం ఏడుకి వచ్చిన ప్రకటన మన ఫోన్లో చలికాలమైతే పన్నెండున్నరకి, అంటే మర్నాటి తేదీతో కనిపిస్తుంది. గురువారం అటో ఇటో ఉంటే బ్రిటన్ తేదీనే తీసుకోండి.

4. తీసివేయండి, కానీ వేర్వేరు కేసుల్ని వేరుగా

అడ్మినిస్ట్రేషన్ కోత వేరు, ఆర్థిక నిబంధనలు ఉల్లంఘించినందుకు పడే కోత వేరు. ఒక క్లబ్ రెండూ తినొచ్చు.

డెర్బీనే తీసుకోండి. 2021-22లో మైదానంలో సంపాదించింది 55. అడ్మినిస్ట్రేషన్‌కి 12, ఖాతాల నిబంధనలు మీరినందుకు నవంబరులో ఇంకో 9. మొత్తం 21 పోయి 34తో 23వ స్థానం, వేన్ రూనీ కోచ్‌గా ఉన్న ఆ జట్టు కిందికి. ఇప్పుడు ఒక్క నిమిషం ఆ 9 పక్కన పెట్టి చూడండి. 43 ఉండేవి. ఆ ఏడు గట్టెక్కిన చివరి జట్టు రెడింగ్‌కి 41. అంటే అడ్మినిస్ట్రేషన్ ఒక్కటే అయితే డెర్బీ బతికేది! "దివాలా తీసి దిగిపోయింది" అని అందరూ రాసేశారు గానీ అసలు ముంచింది ఆ 9. (రెడింగ్‌కీ ఆ ఏడు 6 కోశారు, అది ఇంకో కథ.)

షెఫీల్డ్ వెన్స్‌డేదీ ఇలాంటిదే. అక్టోబరులో 12, జీతాలు ఆలస్యం లాంటి చెల్లింపుల తప్పులకి 2025 డిసెంబరులో ఇంకో 6.

ఇంతకంటే భారీది లూటన్. 2008-09లో మొత్తం 30. అందులో 10 ఏజెంట్ల చెల్లింపుల వ్యవహారంలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్ఏ వేసింది, 20 దివాలా నుంచి సరిగ్గా బయటపడనందుకు లీగ్ వేసింది. మైదానంలో 56 తెచ్చుకుని 26తో అట్టడుగున మిగిలింది. అదే సీజన్‌లో వెంబ్లీలో ఫుట్‌బాల్ లీగ్ ట్రోఫీ గెలిచింది కూడా.

5. కొత్త ఆటగాళ్ల సంగతి

ఎంబార్గో పేజీ తెరిచి పేరుందో లేదో చూడండి. అక్కడ ఉంటే లీగ్ అనుమతి లేకుండా ఎవరినీ రిజిస్టర్ చేయలేరు. ఈఎఫ్ఎల్ ఎంబార్గో, ఫిఫా నిషేధం రెండూ ఒకటి కాదు. వేరే క్లబ్‌కో ఆటగాడికో బాకీ పడితే ఫిఫా వేసే నిషేధం వరసగా మూడు విండోల (ఆటగాళ్లను రిజిస్టర్ చేసుకునే గడువుల) దాకా పోవచ్చు. రెండు నెలల జీతం రాని ఆటగాడు పదిహేను రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, అప్పటికీ రాకపోతే ఒప్పందం తెంచుకుని వెళ్లిపోవచ్చు. కాబట్టి జీతాలు ఆగాయన్న వార్త చూస్తే పాయింట్ల కంటే ముందు జట్టు ఖాళీ అవుతుందేమో చూసుకోండి.

6. బయటికి ఎలా వస్తోందో చూడండి

మొదటి 12తో కథ అయిపోయిందనుకుంటారు. అసలు ప్రమాదం ఇక్కడుంది.

అడ్మినిస్ట్రేషన్ నుంచి బయటపడేటప్పుడు ఫుట్‌బాల్ క్రెడిటర్లకు, అంటే ఆటగాళ్లకూ మిగతా క్లబ్బులకూ, బాకీ పూర్తిగా కట్టాలి. కట్టకపోతే లీగ్‌లో సభ్యత్వమే ఉండదు. హామీ లేని మిగతా అప్పులవాళ్లకు పౌండుకు కనీసం 25 పెన్స్ అప్పటికప్పుడు, లేదా మూడేళ్లలో 35 పెన్స్ ఇవ్వాలి. అలా ఇవ్వకపోతే వచ్చే సీజన్ మైనస్ 15తో మొదలు. 2022లో డెర్బీని కొన్న స్థానికుడు డేవిడ్ క్లోవ్స్ ఈ 25 పెన్స్ లెక్క సరిపెట్టబట్టే ఆ 15 తప్పాయి.

లీడ్స్‌కి తప్పలేదు. సీవీఏ లేకుండా బయటికి వచ్చిందని 2007-08లో 15 కోశారు. మైదానంలో 91 తెచ్చుకుంది, మిగిలింది 76, స్థానం 5. 91 ఉంటే రెండో స్థానంతో నేరుగా పైకి పోయేది. బదులుగా ప్లేఆఫ్ ఫైనల్లో డాంకాస్టర్ చేతిలో 1-0తో ఓడింది.

ఈ వరసలో నాకు మింగుడు పడనిది ఒకటుంది. కోట్లు తీసుకునే స్ట్రైకర్‌కి పూర్తి జీతం వస్తుంది. గ్రౌండ్‌లో స్ట్రెచర్ మోసే స్వచ్ఛంద సంస్థకి పౌండులో పావువంతు. పోర్ట్స్‌మత్ అప్పులవాళ్ల జాబితాలో సెయింట్ జాన్ అంబులెన్స్ కూడా ఉంది. ఇది అన్యాయమని హెచ్ఎంఆర్‌సీ కోర్టుకి వెళ్లి 2012లో ఓడిపోయింది. 2020 డిసెంబరు 1 నుంచి చట్టం మారి కొన్ని పన్ను బాకీల విషయంలో పన్నుల శాఖ వరసలో ముందుకొచ్చింది. ఫలితంగా వెనకున్న చిన్నవాళ్లు ఇంకా వెనక్కి పోయారు. స్టీల్ ప్లాంట్ చుట్టూ బిల్లుల కోసం తిరిగే చిన్న కాంట్రాక్టర్లను చూసిన గాజువాక వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

7. అప్పీల్ మీద ఆశలు పెట్టుకోకండి

మా చేతిలో లేని కారణం వల్ల జరిగిందని క్లబ్ అప్పీల్ చేసుకోవచ్చు. కరోనా కాలం, యజమాని మారి కొన్ని వారాలే అయింది. ఇన్ని ఉన్నా విగన్ 2020లో ఓడిపోయింది. డెర్బీ అప్పీల్ చేసి వెనక్కి తీసుకుంది. కాబట్టి కోత ఉంటుందనే లెక్క వేసుకోండి. తగ్గితే సంతోషం.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఎవర్టన్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లను ఈ లెక్కలోకి లాగడం అన్నింటికంటే ఎక్కువ. ఆ రెండూ దివాలా తీయలేదు. నష్టాల పరిమితి దాటాయి, అంతే. మూడేళ్లకు 10.5 కోట్ల పౌండ్లు అన్న ఆ నిబంధన కింద ఎవర్టన్‌కి 2023 నవంబరులో 10 కోసి అప్పీల్‌లో 6కి తగ్గించారు, 2024 ఏప్రిల్‌లో మళ్లీ 2 కోశారు. ఫారెస్ట్‌కి 4. అక్కడ అప్పీల్ పనిచేసింది కదా అని ఇక్కడా పనిచేస్తుందనుకోకండి. అక్కడ శిక్షని కమిషన్ తూకం వేస్తుంది. ఇక్కడ 12 అన్నది ముందే రాసిపెట్టి ఉంది.

రెండోది, కోతని గోల్ తేడాకి కూడా అంటగట్టడం. గోల్ తేడా కదలదు. విగన్ అదే సీజన్‌లో హల్‌ని 8-0తో కొట్టింది, ఆ ఎనిమిదీ అలాగే ఉన్నాయి.

పట్టికలో మైనస్ కనిపిస్తే యాప్ పాడైందనుకునే వాళ్లూ ఉన్నారు. 2019 ఆగస్టులో బోల్టన్ మైనస్ 12తో మొదలైంది. బరీ కూడా అంతే, కానీ డబ్బు చూపించలేక ఒక్క లీగ్ మ్యాచ్ ఆడకుండానే ఆగస్టు 27న లీగ్ నుంచి బహిష్కరణకి గురైంది.

కంపెనీస్ హౌస్‌లో ఇవాళ్టి వార్త ఇవాళే దొరకాలనుకోవడం ఇంకొకటి. ఫైలింగ్ ఎక్కడానికి రోజులు పడుతుంది. తొందరగా కావాలంటే లీగ్ ప్రకటన చూడండి, కంపెనీస్ హౌస్‌ని తర్వాత ధ్రువీకరణకి వాడండి.

మీ లెక్క సరిగ్గా వచ్చిందా?

జవాబు తెలిసిన కేసుల మీద పరీక్షించుకోండి. కింది సమాధానాలు చూడకుండా పై మెట్లతో చేయండి.

విగన్ 2019-20, మైదానంలో 59: జవాబు 47, స్థానం 23. ఆ 12 లేకపోతే 13వ స్థానం. గట్టెక్కిన చివరి జట్టు బార్న్‌స్లీకి 49.

క్రిస్టల్ ప్యాలెస్ 2009-10, జనవరిలో అడ్మినిస్ట్రేషన్, మైదానంలో 59: జవాబు 49. మీకు 47 వచ్చిందంటే 2015కి ముందు అంకె మర్చిపోయారు. చివరి రోజు షెఫీల్డ్ వెన్స్‌డే గ్రౌండ్‌లో 2-2 డ్రా చేసుకుని ప్యాలెస్ బతికింది, 47తో వెన్స్‌డే దిగిపోయింది.

లీడ్స్ 2007-08: 76. ఇక్కడ 10 తీసి 81 అన్నారంటే ఆరో మెట్టు మళ్లీ చదవండి.

కొత్త కేసు అయితే మూడుచోట్ల సరిచూడండి: లీగ్ ప్రకటనలో నిబంధన పేరు, గెజెట్‌లో నియామక నోటీసు తేదీ, కంపెనీస్ హౌస్‌లో ఆ కంపెనీ పేజీ మీద ఇన్‌సాల్వెన్సీ అన్న ట్యాబ్. సమస్య లేని కంపెనీకి ఆ ట్యాబ్ కనిపించదు. ఫైలింగ్ హిస్టరీలో ఖాతాలు గడువు దాటాయని ఉంటే ఇంకా ఏమీ కాకపోయినా ఆ క్లబ్ మీద ఓ కన్నేసి ఉంచండి. ముందస్తు లక్షణాల్లో నేను నమ్మేది అదే.

"మరి మన హైదరాబాద్ ఎఫ్‌సీకి ఎన్ని కోశారు?"

దివాలా పేరుతో ఒక్కటీ కోయలేదు. ఇంగ్లండ్‌లోలా కాగితం పడగానే పాయింట్లు పోయే పద్ధతి మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో లేదు. ఇక్కడ దెబ్బ ఫిఫా రిజిస్ట్రేషన్ నిషేధం నుంచి, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) లైసెన్సింగ్ నుంచి వస్తుంది. ఆర్థిక ఇబ్బందులతో మూతపడ్డ పుణె సిటీ స్థానంలో 2019లో వచ్చిన జట్టు ఇది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పు ఎత్తింది. ఆ తర్వాత బాకీలు, నిషేధాలు, జీతాలు రాక వెళ్లిపోయిన ఆటగాళ్లు, 2023-24లో అట్టడుగు స్థానం. యజమాని మారాక 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కాబట్టి ఐఎస్ఎల్ జట్టు విషయంలో పాయింట్ల పట్టిక పక్కన పెట్టి ఫిఫా నిషేధాల జాబితా, ఏఐఎఫ్ఎఫ్ లైసెన్స్ ఫలితాలు చూడండి. ఫిఫా జాబితా వెబ్‌సైట్‌లో అందరికీ తెరిచే ఉంటుంది, దేశం పేరుతో వెతకొచ్చు.